పెరటి గది కప్పు కారుతోందా? బాగు చేయించడమా, తీసేసి కొత్తది వేయించడమా

విజయవాడ సత్యనారాయణపురంలో గానీ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో గానీ పాత ఇళ్ల వెనక్కి వెళ్లి చూడండి, చాలా పెరళ్లలో ఓ గది ఉంటుంది. ఒకప్పుడది వంటిల్లు. తర్వాత కట్టెల గది అయింది. ఇప్పుడు పాత మంచాలు, పెళ్లిళ్లకు తప్ప బయటికి రాని గుండిగలు, ఏడాదికి సరిపడా మిరపకాయల బస్తా అందులో ఉంటాయి. అసలు ఇంటికి ఎన్నిసార్లు రంగులు వేయించినా ఈ గది కప్పు వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. వానాకాలంలో కారితే బకెట్ పెడతారు, ఎండాకాలం రాగానే మర్చిపోతారు. ఓ రోజు సీలింగు పెచ్చు ఊడి పడ్డాక గానీ మేస్త్రికి కబురు వెళ్లదు. ఆయనొచ్చి నిచ్చెన వేసుకుని పైకెక్కి, అటూ ఇటూ నాలుగడుగులు వేసి, "ఏం కాదండీ, ఓ కోటింగు కొట్టిద్దాం, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటాడు.

కోటింగు మంచిదే కావచ్చు. కానీ బాగు చేయించాలా, మార్చాలా అన్నది పైనుంచి చూస్తే తేలదు. గదిలోకి వెళ్లి, లైటు వేసుకుని, తలెత్తి చూడాలి. కారడం వేరు, కప్పు చావడం వేరు. కారే కప్పుని బతికించుకోవచ్చు. చచ్చిన కప్పు మీద ఎన్ని పూతలు పూసినా ఆ డబ్బు వృథా, దాని కింద తిరగడం ప్రమాదం.

మీ కప్పు ఏ రకం?

ఇక్కడి పెరటి గదుల మీద మూడు రకాల కప్పులు కనిపిస్తాయి.

అన్నిటికంటే పాతది దంతెల డాబా. టేకు దంతెల (గోడ నుంచి గోడకి వేసే సన్నని దూలాల) మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నం కలిపిన ఇటుక ముక్కల కాంక్రీటు పరిచి, దిమ్మిసలతో కొట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన సున్నంతో నునుపు చేసేవారు. దీనికి సిమెంటు పూత, రబ్బరు లాంటి కోటింగు రెండూ పడవు. సున్నం తనలోని చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. పైన గాలి ఆడకుండా మూసేస్తే ఆ చెమ్మ కర్రలోకి దిగుతుంది. ఈ కప్పులో ముందు చూడాల్సింది దంతెల చివర్లు. గోడలోకి దూరిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. లోపలికి దిగిందంటే కర్ర కుళ్లింది, ఆ కప్పుకి కాలం చెల్లింది. దిగకపోతే సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతికి పట్టుకుని పై పొర మాత్రం బాగు చేయించండి. ఇంకోమాట. కింద దంతెలున్న కప్పు మీద గ్యాస్ మంటతో అంటించే తారు షీట్లు వేయిస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు. ఎండిన టేకు పక్కన మంట పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

రెండోది ఇనుప దూలాల మీద కడప నాపరాళ్లు పరిచిన కప్పు. ఇందులో రాయి కారదు, రాయికీ రాయికీ మధ్య అతుకు కారుతుంది. దూలాలు గోడలో దూరిన చోట తుప్పు తినేయకపోతే అతుకులు తవ్వి మళ్లీ నింపిస్తే సరిపోతుంది. దూలం పొరలు పొరలుగా ఊడుతోందంటే ఆలోచించకుండా దించేయడమే.

మూడోది ఆర్‌సీసీ స్లాబు, అంటే లోపల ఇనుప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు కప్పు. ఎక్కువమందిది ఇదే, తికమక కూడా ఎక్కువ దీని దగ్గరే. అందుకే మిగతాదంతా దీని గురించే.

అరగంటలో మీరే చేసుకోగల పరీక్ష

ఓ చిన్న సుత్తి, చాక్‌పీసు, నూలుదారం, చువ్వ మందం కొలవడానికి ఓ వెర్నియర్ తెచ్చుకోండి. వెర్నియర్ లేకపోతే వెల్డింగు షాపులో అడిగితే ఓ గంట ఇస్తారు. స్టూలెక్కి, కళ్లలో పెచ్చులు పడకుండా అద్దాలు పెట్టుకుని, సీలింగంతా అడుగుకో చోట సుత్తితో మెల్లగా తట్టండి. బాగున్న చోట ఖణేల్‌మంటుంది. చువ్వ తుప్పుపట్టి కాంక్రీటు విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. ఆ తేడా చెవికి ఇట్టే తెలిసిపోతుంది. డొల్ల పలికిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీయండి. చివరికి దిగి చూస్తే కప్పు పరిస్థితి బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది.

ఎందుకిలా విడిపోతుందో తెలిస్తే తర్వాతి మాటలు సులువుగా అర్థమవుతాయి. కొత్త కాంక్రీటులో ఉండే క్షారగుణం ఇనుముకి తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి దిగి ఆ గుణాన్ని తినేస్తుంది. అప్పటికి స్లాబు కారడం కూడా మొదలైతే చువ్వకి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. స్లాబులో చువ్వకీ అడుగుకీ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. పెరటి గదులు పోసిన రోజుల్లో చువ్వ కింద ఎత్తు కోసం పెట్టే కవరు బిళ్లలు పెట్టినవాళ్లెందరు? చాలాచోట్ల చువ్వ సెంట్రింగు చెక్కకే ఆనుకుని ఉంటుంది. పైగా ఉప్పు నీళ్ల బోరుతో కాంక్రీటు కలిపి ఉంటే తుప్పు ఇంకా ముందే మొదలవుతుంది.

పెచ్చు ఊడి చువ్వ కనిపిస్తున్న చోట వైరు బ్రష్షుతో తుప్పంతా గీకేసి, మెరుపు వచ్చాక వెర్నియర్‌తో కొలవండి. 8 మిల్లీమీటర్ల చువ్వ 7కి వచ్చిందంటే చూపుకి ఒక్క మిల్లీమీటరే, బలంలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. 6కి వచ్చిందంటే 44 శాతం పోయింది. ఆ తర్వాత దారాన్ని సీలింగు కిందుగా ఓ గోడ నుంచి ఎదుటి గోడకి బిగించి కట్టండి. పదడుగుల గదిలో నడిమధ్య స్లాబు అర అంగుళం కంటే ఎక్కువ కిందికి వంగి ఉంటే అది ఒప్పుకోదగ్గ వంపు కాదు.

బీటల్లో కూడా తేడా ఉంది. సాలెగూడులా అన్ని వైపులా పాకిన సన్నని గీతలు చాలాసార్లు ప్లాస్టరింగువే. వాటికి భయపడక్కర్లేదు. తిన్నగా, ఐదారు అంగుళాల ఎడంతో, ఒకదానికొకటి సమాంతరంగా, పక్కనే గోధుమ రంగు మరకతో బీటలు కనిపిస్తే మాత్రం అవి చువ్వల దారే.

నా లెక్క ఇది. డొల్ల పలికిన చోటు సీలింగులో నాలుగో వంతు లోపు ఉండి, చువ్వలు పెద్దగా అరగకుండా, వంపు లేకుండా ఉంటే బాగు చేయించండి. సగం దాకా డొల్ల పలికినా, నడిమధ్యలోనే 8 మిల్లీమీటర్ల చువ్వలు 6కి వచ్చినా మార్చండి. ఈ రెంటికీ మధ్యలో ఉంటే ఆ గదిని దేనికి వాడతారన్నదే తేలుస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. అంతవరకూ, పెచ్చులు ఊడుతుంటే కింద నాలుగు సర్వీ కర్రలో జాకీలో పెట్టించండి. పైన సింటెక్స్ ట్యాంకు ఉంటే ముందు దాన్ని దించేయండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. కారే స్లాబు మీద ట్యాంకు పెట్టి, దాని కిందే స్టోర్ రూము వాడుకునే ఇళ్లు మన వీధుల్లో తక్కువేం కాదు.

బాగు చేయించేటప్పుడు

ముందు కింద పని, తర్వాతే పైన. ఈ వరస తప్పిస్తే డబ్బు దండగ. కింద డొల్లగా ఉన్న కాంక్రీటంతా కొట్టేయాలి. చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ వచ్చేదాకా కొట్టాలి. తుప్పు గీకి, తుప్పు నిరోధించే ప్రైమరు పూసి, పాత కాంక్రీటుకి పట్టు కోసం బాండింగు ద్రావణం రాసి, పాలిమర్ కలిపిన మోర్టారుని పొరలు పొరలుగా ఎక్కించాలి. చాలామంది చేసేది వేరు. ఊడిన చోట మామూలు సిమెంటు, ఇసుక మెత్తి, లప్పం పెట్టి, రంగు కొట్టేస్తారు. అది ఒకటి రెండు వర్షాకాలాలకే ఊడి కింద పడుతుంది. ఎందుకంటే లోపల తుప్పు ఎక్కడికీ పోలేదు. ఉప్పు నీళ్లతో కట్టిన స్లాబుల్లో ఇంకో చిక్కుంది. అతుకు వేసిన చోటు బాగానే ఉంటుంది, దాని అంచు పక్కన కొత్తగా తుప్పు మొదలవుతుంది. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉండి, ఆ గదిని ఆ నీళ్లతోనే కట్టారని తెలిస్తే మరమ్మతు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

పైన నాలుగు దారులున్నాయి.

అక్రిలిక్ కోటింగు చవక, తేలిక, తెల్లగా ఉంటే గదికి కాస్త చల్లదనం కూడా. కానీ నీళ్లు నిలబడే కప్పు మీద అది మెత్తబడి లేచిపోతుంది. నూరడుగులకి ఒక అడుగు చొప్పునైనా తూము వైపు వాటం ఉండాలి. పాత పెరటి డాబాలకి అది ఉండదు. ముందు వాటం సరిచేయించుకుంటేనే ఈ కోటింగు దగ్గరికి వెళ్లండి. బీటల మీద ఫైబరు మెష్ పరిచి దాని మీద పూత వేయాలి. మెష్ లేకుండా వేస్తే బీట మళ్లీ పైకి తేలుతుంది.

పాలీయురేథేన్ కోటింగు దానికంటే ఖరీదు. నిలిచిన నీటిని ఎక్కువగా తట్టుకుంటుంది, బాగా సాగుతుంది. చిన్న గదికి విస్తీర్ణం తక్కువ కాబట్టి తేడా జేబుకి పెద్దగా తెలియదు. నూటఇరవై చదరపు అడుగులకి నేనైతే ఇదే వేయించమంటాను.

మంటతో అంటించే తారు షీటు మందంగా, గట్టిగా ఉంటుంది. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి. పైన రాతిపొడి పూత లేని షీటుని మన ఎండకి వదిలేస్తే బీటలిస్తుంది. పైన మనుషులు తిరగని కప్పుకి పనికొస్తుంది. వడియాలు, మిరపకాయలు ఆరబెట్టుకునే డాబాకి నప్పదు.

ఇక ఇటుక ముక్కలు పరిచి సిమెంటుతో వేసే పాతకాలపు పద్ధతి. మేస్త్రులకి ఇదంటే ప్రాణం. కొత్త ఇంటికి, గట్టి స్లాబుకి ఇది నిజంగా మంచిదే. వాటం కుదురుతుంది, ఎండ వేడి తగ్గుతుంది. కానీ అరిగిపోయిన చువ్వల పాత స్లాబు మీద దీన్ని వేయించడం నాకు నచ్చదు. పది బై పన్నెండు గది మీద నాలుగంగుళాల మందం వేస్తే దాదాపు రెండు టన్నుల బరువు కొత్తగా ఎక్కినట్టే. అలిసిపోయిన స్లాబు మీద అదనంగా ఓ కారు నిలబెట్టి, మళ్లీ ఎప్పటికీ దించకపోవడమన్నమాట.

ఏది వేయించినా నీళ్లు ఎక్కువగా దిగేది స్లాబు నడుమ కాదు, పిట్టగోడ మొదట్లో, తూము చుట్టూ. ఆ మూలల్లో గుండ్రంగా సిమెంటు పూత చేసి, కోటింగుని పిట్టగోడ మీదికి కనీసం ఓ అడుగు ఎక్కించారో లేదో చూడండి. పిట్టగోడ సందులో రావి మొక్క ఉంటే పైన కోసేస్తే పోదు. వేరుతో సహా తవ్వి తీయించాలి.

ఉన్న స్లాబు మీదే రేకులు వేస్తే?

బెజవాడలో ఈ దారి పట్టినవాళ్లు చాలామంది. నాలుగు ఇనుప పైపులు నిలబెట్టి, పైన రంగు రేకులు. వాన పడదు, ఎండ తగలదు, పని రెండు రోజుల్లో అయిపోతుంది. స్లాబు బాగుండి కారడం ఒక్కటే బాధైతే ఇది నిజంగా పనికొచ్చే దారే. రేకు బరువు చదరపు మీటరుకి ఐదు కిలోల లోపే. కానీ స్లాబు చచ్చిపోయి ఉంటే పైన గొడుగు పట్టినంత మాత్రాన కింద పెచ్చులు ఊడటం వెంటనే ఆగదు.

ఇంకోటి గాలి. జాతీయ ప్రమాణాల్లో విజయవాడకి లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఐదు కిలోల రేకుని అది ఏం చేస్తుందో వేరే చెప్పాలా? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గుంటూరుకి అదేమంత దూరం కాదు. పైపుల కాళ్లని పిట్టగోడ ఇటుకలకి బిగిస్తే చాలదు, కింద కాలమ్‌కో బీముకో కట్టాలి. గాలి లాగేది అంచుల దగ్గర, మూలల్లోనే ఎక్కువ. కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి.

తీసేయాల్సి వస్తే

స్లాబు తీసేశాక మళ్లీ స్లాబే వేయాలని ఎక్కడా లేదు. పెరటి గది విషయంలో చాలామంది దీని గురించి ఆలోచించరు. నాకైతే రేకుల కప్పే చాలా గదులకి సరిపోయే సమాధానం. కారణం గోడలు. పాత పెరటి గదుల గోడలు మట్టి కట్టుబడివి, పునాది లోతు తక్కువ. వాటి మీద ఇంకోసారి స్లాబు పోసే ముందు ఓ ఇంజినీరుకి చూపించాలి. రేకులైతే ఆ బాధ తక్కువ. గోడ పైన చుట్టూతా నాలుగంగుళాల కాంక్రీటు బెల్టు, అందులో చువ్వలు, రేకుల ఫ్రేముని పట్టుకునే బోల్టులు పెట్టించండి. గోడల్ని కలిపి ఉంచేదీ, గాలికి కప్పు లేవకుండా ఆపేదీ ఆ బెల్టే.

రేకు కొనేటప్పుడు ఓ కిటుకు. షాపులో "అర మిల్లీమీటరు" అంటారు. అది రంగు, పూతలన్నీ కలుపుకుని చెప్పే మందం కావచ్చు. లోపలి ఇనుము మందం ఎంతో అడిగి, అది బిల్లు మీద రాయించుకోండి. జింకు, అల్యూమినియం కలిసిన పూత ఉన్న రేకు జింకు పూత ఒక్కటే ఉన్న మామూలు జీఐ రేకు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. మేలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఒంటి రేకు కింద మనుషులు ఉండలేరు. గదిలో ఎవరైనా పడుకోవాలంటే నురుగు నింపిన పఫ్ ప్యానెళ్లు గానీ, రేకు కింద సీలింగు గానీ తప్పదు. పాత గది మీద ఇప్పటికే ఆస్‌బెస్టాస్ రేకులు ఉంటే వాటిని పగలగొట్టి దించొద్దు. తడిపి, ముక్కలు కాకుండా, మాస్కు కట్టుకుని దించమనండి. ఆ పొడి ఊపిరితిత్తుల క్యాన్సరుకి కారణమని తేలి ఎన్నో ఏళ్లయింది.

మళ్లీ స్లాబే కావాలంటే దానికి బలమైన కారణం ఉండాలి: పైన ట్యాంకు పెట్టాలి, డాబా మీద తిరగాలి, రేపో మాపో పైన ఇంకో గది వేయాలి. పది బై పన్నెండు గదికి గోడలతో కలిపి నాలుగున్నర అంగుళాల స్లాబుకి ఉజ్జాయింపుగా పదమూడు, పద్నాలుగు బస్తాల సిమెంటు, ఓ నూట నలభై కిలోల ఇనుము పడుతుంది. ఆ లెక్కని మేస్త్రి చెప్పినదానితో పోల్చుకోండి. మరీ తేడా ఉంటే ఎందుకో అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి అంతకుముందు తీసుకున్న కొటేషను మీ దగ్గరుంటే అది పాతబడినట్టే. పాలీథీన్ కాగితం పరిచి, కవరు బిళ్లలు పెట్టాకే కాంక్రీటు పోయాలి. పదడుగుల గదిలో స్లాబు కింద కర్రలు కనీసం వారం రోజులు ఉండాలి. బూడిద కలిపిన సిమెంటైతే పది రోజులైనా తడపాలి, మన ఎండల్లో రెండు వారాలు తడిపితే ఇంకా మేలు.

గదిని దేనికి వాడతారు?

మిరపకాయలు, బియ్యం, పుస్తకాలు పెట్టే గదైతే చిన్న చెమ్మ కూడా బూజుకి దారి తీస్తుంది. స్లాబు బాగుంటే పాలీయురేథేన్ కోటింగు, లేదంటే గాలి ఆడే రేకుల కప్పు. సైకిళ్లు, మోటారు, పాత సామాను అయితే రేకులకి మించి ఖర్చు పెట్టడం దండగ. అద్దెకిచ్చే గదైనా, అమ్మమ్మ పడుకునే గదైనా మధ్యరకం స్లాబుని మార్చేయండి. అక్కడ పొదుపు చూసుకునే వీలు లేదు.

పడగొట్టే ముందు ఇంకో సంగతి. పాత పెరటి గదులు చాలావరకు ప్రహరీకి ఆనుకుని ఉంటాయి. ఇప్పటి నిబంధనల ప్రకారం అక్కడ ఖాళీ వదలాల్సి ఉండొచ్చు. ఉన్న గదికి పూత వేయించుకోవడం ఒకటి, కూలగొట్టి కట్టడం ఇంకొకటి. రెండోది కొత్త నిర్మాణం కిందికే వస్తుంది. పడగొట్టాక "ఇక్కడ కట్టడానికి వీల్లేదు" అన్నారంటే ఉన్న గదీ పోయినట్టే. నగరపాలక సంస్థలో టౌన్ ప్లానింగ్ వాళ్లని ముందు అడిగి, ఆ తర్వాతే సమ్మెట పట్టించండి. రేకుల షెడ్డుకి కూడా ఇదే మాట.

కోటింగులకి ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి కాలం. స్లాబు బొత్తిగా ఎండి ఉంటుంది. కాకపోతే మధ్యాహ్నం నిప్పులు కక్కే డాబా మీద కాదు, పొద్దున్నే వేయించండి. కొత్త స్లాబుకి డిసెంబరు, జనవరి నెలలు నయం. అప్పుడు ఎండ మండదు, తుపానుల కాలం కూడా చివరికొస్తుంది. జూన్‌లో నల్లమబ్బు చూసి మేస్త్రికి ఫోన్ చేస్తే అప్పటికే ఆయన పది ఇళ్లకి మాటిచ్చేసి ఉంటాడు.

డబ్బు విషయంలో ఒక్కటి పట్టుబట్టండి. "పదేళ్ల గ్యారంటీ" అన్న నోటిమాట కంటే చివరి వాయిదా మీ చేతిలో ఉంచుకోవడం మేలు. కోటింగు బాగా ఆరాక తూముకి గుడ్డ కుక్కి, కప్పు మీద అంగుళం నీళ్లు నిలపండి. అంతకు మించొద్దు, పది బై పన్నెండు గదికి అంగుళం నీళ్లే దాదాపు 280 కిలోలు. రెండు రోజులు ఉంచి, మేస్త్రినీ వెంటబెట్టుకుని కిందికి వెళ్లి సీలింగు మూలలన్నీ చేత్తో తడిమి చూడండి. రేకుల పనైతే గొట్టంతో కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుతూ పోండి. కారితే ఏ అతుకు దగ్గరో అక్కడికక్కడే తెలుస్తుంది. చెమ్మ లేదని ఇద్దరూ ఒప్పుకున్నాకే మిగిలిన డబ్బు ఇవ్వండి.